నడినెత్తిన పొద్దు

ఏటా మే 18కి అటూ ఇటూ ఒకసారి, జూలై 25కి అటూ ఇటూ మరోసారి ఆదిలాబాద్‌లో పొద్దు సరిగ్గా నడినెత్తికి వస్తుంది. కాస్త దక్షిణాన ఉన్న కరీంనగర్‌లో ఆ రోజులు మే 13, జూలై 30 దగ్గర పడతాయి. ఆ గడియలో ఆరుబయట నిలబడ్డ మనిషి నీడ పాదాల కిందికి ముడుచుకుపోతుంది. ముఖం సంగతి ఇంకా చిత్రం. నుదురు, ముక్కుదూలం, చెంపల మిట్టలు తెల్లగా మెరుస్తాయి. కనుగుంటల్లో, ముక్కు కింద, గదవ కింద నల్లటి మరకలు నిలుస్తాయి. మనిషిని ఫలానా అని గుర్తుపట్టించే కళ్ళే చీకట్లోకి పోతాయి. బొమ్మ గీసేవాడికి ఇంతకంటే మొండి వెలుతురు ఉండదు. పారిస్‌లో ఏడాదికల్లా పొడవైన రోజున, మిట్టమధ్యాహ్నమైనా సరే, సూర్యుడు 65 డిగ్రీలు దాటి ఎక్కడు. అక్కడ మనిషి నీడ అతని ఎత్తులో దాదాపు సగం పొడవున పక్కకు పడే ఉంటుంది. అంటే వెలుతురు ఎప్పుడూ ఒక వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ముఖాన్ని తాకి జారిపోతుంది. మనిషిని ఆరుబయట నిలబెట్టి ఆ క్షణపు ఎండతో సహా పటంలోకి తెచ్చే ఇంప్రెషనిస్టు పద్ధతి పుట్టింది ఆ ఏటవాలు ఎండలోనే. అది ఉత్తర తెలంగాణలో ఎందుకు వేళ్ళూనలేదని అడిగితే శిక్షణ లేదు, డబ్బు లేదు, పోషకులు లేరు అని మూడు కారణాలు చెబుతారు. మూడూ నిజమే, మూడూ కలిపినా చాలవు. ఇక్కడ బొమ్మలు వేసినవాళ్ళు ఆరుబయటి ఎండ అనే చిక్కును ఎదుర్కొన్నారు, తరానికొక తీరున దాన్ని విప్పుకున్నారు. వాళ్ళ విప్పుళ్ళను చదవడానికి ఇంప్రెషనిస్టుల బొమ్మల మీద సాధన చేసిన కన్ను మనకు అక్కరకొస్తుంది. ఈ వ్యాసం వాదన ఇది.

కాబట్టి ముందు ఆ కన్ను ఎలాంటిదో చూడాలి. క్లాడ్ మోనె 1875లో తన భార్య కమీల్‌ను, కొడుకు జాఁను ఒక గడ్డి దిబ్బ మీద నిలబెట్టి వేసిన బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఎత్తు మీటరు, వెడల్పు 81 సెంటీమీటర్లు. ఆమె గొడుగు పట్టుకుని కిందికి చూస్తోంది. మనం దిబ్బ దిగువన ఉన్నాం. ఎండ ఆమె వెనక నుంచి వస్తోంది. అందుకే ముఖం నీడలో ఉంది, దాని మీద పలచటి మేలిముసుగు గాలికి చెదురుతోంది. కమీల్ పోలికలు ఇందులో వెతికితే దొరకవు. దొరికేది ఇంకొకటి. ఆమె గౌను తెల్లది, కానీ బొమ్మలో తెలుపు ఉన్న చోటు చాలా తక్కువ. నీడ పడ్డ మడతల్లో నీలం ఉంది, లేత ఊదా ఉంది. చేతి గుడ్డ అడుగు భాగాన పసుపు ఛాయ కనిపిస్తుంది. అది కింద గడ్డిలో పూసిన పూల నుంచి ఎగసి వచ్చిన పసుపు. గొడుగు లోపలి ఆకుపచ్చ తల చుట్టూ చల్లగా పరుచుకుంది. గడ్డి మీద ఆమె నీడ మన వైపు పొడుగ్గా సాగింది. మనిషి మీద పడ్డ వెలుతురు ఎక్కడెక్కడ తగిలి ఏ రంగు మోసుకొచ్చిందో ఆ దారి అంతా కుంచె దెబ్బల్లో ఉంది. ఆ బొమ్మలో మనకు కలిగే ఉల్లాసం, దాని అంచున తగిలే చిన్న దిగులు, రెండూ అక్కడి నుంచే వస్తాయి. గాలి ఆగితే, మబ్బు జరిగితే ఈ రంగులు ఉండవని కంటికి తెలిసిపోతుంది. కమీల్ 1879లో చనిపోయింది. 1886లో మోనె ఇలాగే గొడుగు పట్టిన అమ్మాయిని రెండు పటాలుగా వేసినప్పుడు ముఖంలోని పోలికలను దాదాపు చెరిపేశాడు. ఆరుబయటి ఎండలో పోలికకూ వెలుతురుకూ మధ్య ఒకటి ఎంచుకోవలసి వస్తే ఆయన వెలుతురునే ఎంచుకున్నాడు.

ఇదంతా ప్రతిభ ఒక్కదానితో జరగలేదు. రంగును తగరపు గొట్టంలో నింపి మూత బిగించే ఉపాయం 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు కనిపెట్టాడు. అంతకు ముందు తైలవర్ణాలను నూరుకుని వాడాలి, లేదా పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టుకుని మోయాలి. రెండో ఆసరా నేతగాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. పారిస్‌లో గోబ్లాఁ నేత కర్మాగారపు అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్ల నూలు వెలిసినట్టు కనిపిస్తోందని ఫిర్యాదులు వస్తే ఆయన అద్దకాన్ని పరీక్షించి, లోపం రంగులో లేదని తేల్చాడు. పక్కన నేసిన పోగు రంగు నలుపును మార్చి చూపిస్తోంది. ఎర్ర పక్కన పచ్చ మరింత పచ్చగా, పసుపు పక్కన ఊదా మరింత ఊదాగా కనబడుతుందన్న ఆ సూత్రాన్ని 1839లో పుస్తకంగా తెచ్చాడు. 1874లో నాదార్ ఫోటో స్టూడియోలో మొదటి ప్రదర్శన పెట్టిన చిత్రకారుల కాలానికి ఈ సంగతి కళాశాలల్లో అందరికీ తెలిసిన విషయం. సిరిసిల్లలోనో కరీంనగర్ చుట్టుపక్కలనో మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కర లేదు. చీర ఒడలికి ఏ అంచు వేస్తే ఒడలు ఎగసి కనబడుతుందో చేతికి తెలుసు. పారిస్ చిత్రకారులకు వెలుతురు రహస్యం అందించింది ఒక అద్దకపు బానే అన్న విషయం మనం తరచుగా మరిచిపోతాం. ఆ సంగతి తరవాత మళ్ళీ పనికొస్తుంది. వెలుతురును చూడటంలోనూ ఈ భాషకు కొరత లేదు. లేయెండ, నీరెండ, ఎండపొడ, నడిపొద్దు, మునిమాపు, కెంజాయ: ఒక్కొక్క మాట ఒక్కొక్క గడియను, ఆ గడియలోని మనసును పట్టుకుంటుంది. ఇన్ని మాటలున్న చోట చూసే కన్ను లేదనడం అన్యాయం.

అయితే ఆ కన్ను పటంలోకి ఎలా దిగింది? నిర్మల్‌తో మొదలుపెట్టాలి. ఇప్పుడు వేరే జిల్లా అయినా 2016 దాకా నిర్మల్ ఆదిలాబాద్ జిల్లాలోదే. పదిహేడో శతాబ్దపు పాలకుడు నిమ్మ నాయుడి పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. నకాషీ పనివాళ్ళ చేతిలో అక్కడ పొనికి కర్ర బొమ్మలు, పళ్ళేలు, పెట్టెలు, తరవాతి కాలంలో గోడకు తగిలించే పలకలు తయారయ్యాయి. పొనికి మెత్తటి, తేలికైన చెక్క. దాని మీద సుద్ద పూసి, ఆరనిచ్చి, నున్నగా రుద్ది, మళ్ళీ పూసి, అప్పుడు రంగు ఎక్కిస్తారు. బంగారంలా మెరిసే పూతను ఒకప్పుడు ఆకుపసర్లు, నూనె కలిపి కాచి చేసుకునేవారు. అందులో బంగారం లేదు. హైదరాబాద్ రాజ్యంలో ఈ పని చితికిపోతున్న దశలో లేడీ హైదరీ దాన్ని ఆదరించి రాజధానికి తెచ్చింది. దానితో నిర్మల్ పనితనానికి కొత్త గిరాకీ వచ్చింది. ఇప్పుడు ఆ పలకల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. ఆడవాళ్ళు వరసగా నడుస్తున్నారు, తలల మీద, చంకల్లో బిందెలు. నీళ్ళకు పోయేది పగలు. కానీ వాళ్ళ వెనక ఆకాశం లేదు. చిక్కటి నలుపు ఉంది. ఆ నలుపులోంచి చీర అంచులు, గాజులు, బిందెల భుజాలు బంగారు గీతలుగా మెరుస్తాయి. నేల మీద నీడ ఒక్కటీ పడదు. ఈ నలుపును అలంకారం అని తీసేసేవాళ్ళు ఒక ముఖ్యమైన సంగతి వదిలేస్తున్నారు. పగటి పనిలో ఉన్న మనిషిని గీయాలి, కానీ పగటి ఎండ ఆ మనిషి ముఖాన్ని తినేస్తుంది. నకాషీ పనివాడు ఎండను తీసి పక్కన పెట్టాడు. చుట్టూ చీకటి నింపి, మనిషి ఒంటి మీద ఉన్న మెరుపును మాత్రం మిగిల్చాడు. పొద్దు గూకాక దీపం పెట్టిన ఇంట్లోకి ఆ బొమ్మ చక్కగా ఒదిగిపోతుంది. దీపం కదిలితే బంగారు గీత కదులుతుంది.

నిర్మల్ పలకల మీద అజంతా రూపాలు విరివిగా కనబడతాయి. అందులో వింత లేదు. అజంతా గుహలు నిజాం రాజ్యంలోనివి. 1914లో పురావస్తు శాఖ పగ్గాలు చేపట్టిన గులాం యజ్దానీ ఆ చిత్రాలకు రక్షణ ఏర్పాట్లు చేయించి, 1930 నుంచి 1955 దాకా నాలుగు సంపుటాలుగా అచ్చు వేయించాడు. అజంతా ముఖాలను తీరిగ్గా చూస్తే ముక్కు మీద, కింది పెదవి మీద, గదవ మీద తెల్లటి మెరుపు చుక్కలు కనిపిస్తాయి. ఆ మెరుపు కిటికీ నుంచి వచ్చిందా, ద్వారం నుంచి వచ్చిందా అంటే ఎటు నుంచీ రాలేదు. నల్లని ఒంట్లో ఎత్తుగా ఉన్న చోట్లు మెరుస్తాయి, అంతే. వేసింది గుహ లోపలి మసక వెలుతురులో, చూసేదీ అందులోనే. వెలుతురు ఒంటికి బయట నుంచి తగిలే వస్తువు అన్న ఊహ అక్కడ లేదు. అది ఒంటి నిగారింపు. నిర్మల్ నకాషీలు అజంతా నుంచి రూపాలను మాత్రమే అరువు తెచ్చుకున్నారని అనుకుంటే సగమే చూసినట్టు. వెలుతురు గురించిన ఈ ఊహ కూడా ఆ రూపాలతో పాటే వచ్చి, అప్పటికే అక్కడున్న బంగారు పూతతో కలిసిపోయింది.

ఇక ఆరుబయట, నిజమైన ఎండలో, ఆదిలాబాద్ మనుషుల రూపాలను పట్టిన మొదటి పెద్ద ప్రయత్నం కుంచెతో జరగలేదు, కెమెరాతో జరిగింది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చింది. తిరుగుబాటు చేసిన గోండు నాయకుడు కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో మరణించాక గోండుల కష్టాలేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మకాం పెట్టారు. 1948లో రాజ్‌గోండుల మీద పుస్తకం వచ్చింది. ఆ ఏళ్ళ ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. నలుపు తెలుపు ఫిల్ము ఎండ విషయంలో కుంచె కంటే కఠినమైన పరీక్ష. మధ్యాహ్నపు ఎండలో తీస్తే కళ్ళు గుంటలవుతాయి, తెల్ల బట్ట మంటలా కాలిపోతుంది. ఈ నేల మీద మనిషి ముఖాన్ని పట్టాలనుకున్న ఎవరైనా పొద్దుగాల ఎండనో, మాపటి ఎండనో, చెట్టు నీడనో, ఇంటి చూరు నీడనో నమ్ముకోవలసిందే. గోండుల దండారి పండగలో గుస్సాడి ఆటగాళ్ళను చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. నెమలి ఈకల టోపీ, ఒంటి నిండా బూడిద, దాని మీద చారలు. నల్లని ఒంటి మీద ఆ బూడిద పూత ఎండను వెనక్కి చిమ్ముతుంది. ముఖం మీద నీడ గుంటలు పడకుండా ముందే ముఖాన్ని ఒక రంగు చేసుకోవడం అది. మైదానపు ఊళ్ళలోని ఆడవాళ్ళు ముఖానికి పసుపు రాసుకుని, నడినుదుట పెద్ద కుంకుమ బొట్టు పెట్టుకోవడం కూడా కంటి లెక్కలో ఇలాంటిదే. జగిత్యాల, మెట్‌పల్లి చుట్టూ చేలల్లో పండేదే ఆ పసుపు. పూలగడ్డి పసుపు కమీల్ చేతి గుడ్డకు ఎగసి తగలాలి. ఇక్కడ పసుపు ముఖానికే ఉంది. వీటికి పూజా కారణాలున్నాయి, కులదేవతల కారణాలున్నాయి, వాటిని నేను తోసిపుచ్చడం లేదు. బొమ్మ వేసేవాడి ముందు నిలబడ్డ మనిషి అప్పటికే రంగు వేసుకుని వచ్చాడన్నదే నేను ఎత్తి చూపుతున్నది.

శిక్షణ లేదన్న మాటకు జవాబు పాకాల తిరుమల్ రెడ్డి. పి.టి. రెడ్డిగా లోకానికి తెలిసిన ఈయన 1915లో కరీంనగర్ జిల్లాలో పుట్టాడు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివాడు. అదే కళాశాలకు గోదావరి తీరం నుంచి దామెర్ల రామారావు 1916లోనే వెళ్ళి, తిరిగొచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 28 ఏళ్ళైనా నిండకుండా 1925లో కన్నుమూశాడు. రెడ్డి చదివేనాటికి చార్ల్స్ జెరార్డ్ అక్కడ అధిపతి. ఆయన పిల్లలకు యూరప్ కొత్త పద్ధతులు, ఇంప్రెషనిస్టుల తరవాతి రంగుల వాడకం పరిచయం చేశాడు. 1941లో రెడ్డి, మరికొందరు సహాధ్యాయులు కలిసి బొంబాయిలో ఒక బృందంగా ప్రదర్శన పెట్టారు. యంగ్ టర్క్స్ అన్న పేరు వాళ్ళకు నిలిచిపోయింది. అంటే 1940ల మొదట్లోనే కరీంనగర్ పల్లెలో పుట్టిన ఒక మనిషి చేతిలో పారిస్ పద్ధతి ఉంది, దట్టమైన తైలవర్ణం ఉంది, విరిగిన కుంచె దెబ్బ ఉంది. ఆయన హైదరాబాద్‌కు తిరిగి వచ్చాడు. కర్ర సామాన్ల వ్యాపారం చేశాడు, బొమ్మలు మానలేదు. 1996లో పోయేదాకా వేస్తూనే ఉన్నాడు. కానీ ఆ వేసినవాటిలో ఆరుబయటి ఎండలో నిలబడ్డ తన ఊరి మనిషి కేంద్రం కాలేదు. ఆయన నడక బలమైన గీతల వైపు, ఆపైన యంత్రతంత్ర రూపాల వైపు సాగింది. నేర్చిన పద్ధతిని ఆయన వదిలింది చేతకాక కాదు. ఆయన చెయ్యి ఎంత గట్టిదో తొలినాటి పటాలే చెబుతాయి. నాకు తోచిన కారణం ఒకటే: ఏటవాలు ఎండలో పుట్టిన విరిగిన కుంచె దెబ్బకు నడినెత్తి ఎండలో పట్టు దొరకదు. మేలో 45 డిగ్రీలు దాటే చోట నీటిరంగు కాగితాన్ని తాకేలోపే ఆరిపోతుంది. నీడలో నీలం వెతికే వ్యవధి ఉండదు, వెతికినా నీడే లేదు. ఆయన ఇల్లాలు యశోదారెడ్డి ఈలోగా తెలంగాణ పల్లె మాటను పల్లె మాటగానే కథల్లోకి తెచ్చింది. ఊరి గొంతు కాగితం మీదికి ముందే వచ్చింది. ఊరి ముఖం పటం మీదికి రావడానికి ఇంకొకరు కావలసి వచ్చారు.

ఆ ఇంకొకరు తోట వైకుంఠం. 1942లో వేములవాడ దగ్గర బూరుగుపల్లిలో పుట్టాడు. అది అప్పటి కరీంనగర్ జిల్లా. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చాడు. చాలాకాలం బొగ్గుతో, నలుపు తెలుపుల్లో పనిచేశాడు. 1980లలో రంగులోకి వచ్చాడు. బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ సినిమాకు కళాదర్శకుడిగా 1988 సంవత్సరపు జాతీయ పురస్కారం అందుకున్నాడు. తన తల్లి, చిన్ననాటి ఊళ్ళో ఆడవేషం కట్టిన నాటకాలవాళ్ళు తన బొమ్మలకు మూలమని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. ఆయన వేసిన ఆడమనిషిని ఒక్కదాన్ని తీసుకుందాం. ముఖం పక్కవాటుగా ఉంది. ఒళ్ళు చిక్కటి గోధుమనలుపు, అంచు నుంచి అంచు దాకా దాదాపు ఒకే పూత. నుదుట పెద్ద ఎర్ర బొట్టు. కొప్పులో పూలు. చీర ఎర్రదో, పసుపుదో, చిలకాకుపచ్చదో. కలగలిపిన మసక రంగులు ఆయనకు పనికిరావు, విడి రంగులే కావాలి. వెనక గోడ లేదు, చెట్టు లేదు, నీడ అసలే లేదు. మోనె నీడలో నీలం చూపితే ఈయన నీడనే తీసేశాడు. అయినా ఆ బొమ్మలో ఎండ ఉంది. ఎక్కడుందో వెతికితే బొట్టు దగ్గర దొరుకుతుంది. ముదురు ఒంటి రంగు మధ్య పెట్టిన ఆ ఎరుపు, పక్కనున్న నలుపు వల్ల మండుతున్నట్టు కనబడుతుంది. ఆ ఎరుపు వల్ల ఒళ్ళు ఇంకా చల్లగా, ఇంకా లోతుగా కనబడుతుంది. షెవ్రెల్ అద్దకపు బాన దగ్గర తేల్చిన సంగతే ఇది. వైకుంఠం దాన్ని పుస్తకం నుంచి తెచ్చుకోనక్కర లేదు, ఊరి చీర అంచులోనే ఉంది. చీర ఒడలూ అంచూ ఒకదాన్నొకటి ఎగదోస్తున్నాయి, కంటి తెలుపు ఆ ముదురు రంగులోంచి దూసుకొస్తోంది. నడిపొద్దు వేళ ఊరి బావి దగ్గర చూసే చూపులో మిగిలేవి సరిగ్గా ఇవే: రంగు, అంచు, మెరుపు. పోలికలు, మడతలు, నీడలు ఎండకు ఎగిరిపోతాయి. మోనె తన భార్య ముఖాన్ని గాలికి, ముసుగుకు వదిలేసినట్టే వైకుంఠం కూడా ఫలానా మనిషి పోలికను ఎండకు వదిలేశాడు.

దీనికి రావలసిన అభ్యంతరాలు వస్తాయి. ఆయన గదిలో కూర్చుని వేస్తాడు, జ్ఞాపకంలోంచి వేస్తాడు, ఆరుబయట పీట వేసుకున్నవాడే కాదు, అలాంటప్పుడు ఎండ మాట ఎందుకన్నది మొదటిది. మోనె కూడా బయట మొదలుపెట్టిన పటాలను గదిలో దిద్దుకున్నాడు. రువాఁ ప్రధానాలయం ముందు 1892 నుంచి వేసిన ముప్ఫైకి పైగా పటాలను తరవాత ఇంట్లో పూర్తి చేశాడు. పీట ఎక్కడ వేశాడన్నది ముఖ్యం కాదు, పటంలో ఏ గడియ నిలిచిందన్నది ముఖ్యం. రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. నీడ లేని చదును రంగు చేర్యాల పటాల నుంచి, తోలుబొమ్మల నుంచి వచ్చిన జానపద రివాజు. దానికి ఎండతో పని లేదంటారు. రివాజు అక్కడి నుంచే వచ్చిందని ఒప్పుకుంటాను. కానీ చేర్యాల పటం ఎందుకు ఎర్ర నేల మీద చదును రంగులతో ఉంటుంది? దాన్ని నలుగురి మధ్య విప్పి, కుల కథ చెబుతూ దూరాన కూర్చున్నవాడికీ కనబడేలా చూపాలి. ఇంటి బయటి వెలుతురుకు, దూరానికి తట్టుకునే బొమ్మగా ఆ రివాజు స్థిరపడింది. దాన్ని తెచ్చుకున్నప్పుడు దానిలోని ఆ లెక్క కూడా వెంటే వచ్చింది. పైగా మోనె తరం కూడా జపాన్ అచ్చుబొమ్మల చదును రంగులను ప్రాణంగా చూసుకుంది. జిఁవెర్నీలోని ఆయన ఇంటి గోడల నిండా అవే. చదును రంగుకూ వెలుతురుకూ వైరం ఉందన్నది వాళ్ళ నమ్మకం కాదు. మూడోది: ఎండ కోణం మనిషి కళను శాసిస్తుందంటే మరీ మొరటు లెక్క కాదా, రవివర్మ ఇంకా దక్షిణాన పుట్టి నీడలతో ముఖాలు వేయలేదా? వేశాడు. ఆ నీడలు గదిలో ఒక పక్క నుంచి వచ్చే వెలుతురు నీడలు. ఎండను కిటికీ దాటి గది లోపలికి రానిచ్చిన చోట మాత్రమే ఆ నీడ దొరుకుతుంది. రవివర్మ నా లెక్కను చెడగొట్టడు, బలపరుస్తాడు. ఎండ ఎవరినీ శాసించదు. ఒక ప్రశ్న వేస్తుంది, జవాబు మాత్రం మనిషిదే. అందుకే నకాషీ పనివాడిది ఒక జవాబు, వైకుంఠానిది ఇంకొకటి.

నాలుగో అభ్యంతరాన్ని నేను తోసేయలేను. వైకుంఠం బొమ్మల్లో పునరుక్తి ఉంది. అదే కొప్పు, అదే బొట్టు, అదే చిలక, అదే పక్కచూపు. నగరపు డ్రాయింగు రూముల గోడలకు, గ్రీటింగు కార్డులకు అలవాటైపోయి చూపు మొద్దుబారుతుంది. మోనె గడ్డివాములను, ప్రధానాలయాన్ని పదేపదే వేసింది గడియ మారినప్పుడు రంగు ఎలా మారుతుందో చూడటానికి. వైకుంఠం పునరుక్తిలో గడియ మారదు. ఎన్ని బొమ్మలు చూసినా ఒకటే పొద్దు, ఒకటే ఎండ. నా వాదనకు ఇది సాక్ష్యం కూడా, ఆయన పనికి ఇది లోటు కూడా. రెండింటినీ పక్కపక్కనే ఉంచాలి. మోనె బొమ్మలో మనసును తాకేది పోతున్న క్షణం. ఇక్కడ తాకేది కదలని నిలకడ. ఊరి ఆడమనిషి ఎవరి చూపుకూ తల వంచకుండా నిలబడ్డ తీరులో గొప్ప ధీమా ఉంది. గడీ చీకట్లో నలిగిన ‘దాసి’ కమలాక్షిని తెర మీద చూసినవాళ్ళకు, ఆ గడీని తెర మీద నిలబెట్టిన చెయ్యే ఈ ఆడవాళ్ళను పగటి రంగుల్లో నిలబెట్టిందని తెలిస్తే ఆ ధీమాకు ఇంకో అర్థం తోస్తుంది. కానీ ధీమా ఒక్కటే మనిషి మనసు కాదు. పొద్దు వాలుతున్నప్పుడు అదే ఆడమనిషి ముఖంలో ఏముంటుంది? అలసట, ఎదురుచూపు, ఇంటి ధ్యాస? ఆ గడియకు ఆ బొమ్మల్లో చోటు దొరకలేదు.

ఏటవాలు ఎండ ఈ నేలకు అసలే రాదని కాదు. డిసెంబరు 22కి అటూ ఇటూ మధ్యాహ్నమైనా ఆదిలాబాద్ మీద సూర్యుడు 47 డిగ్రీలు దాటడు. పారిస్‌లో మార్చి, సెప్టెంబరు నెలల మధ్యాహ్నపు సూర్యుడు ఉండే ఎత్తుకు అది పెద్ద దూరం కాదు. తెలంగాణలో చలి ఎక్కువగా పడే జిల్లాల్లో ఇదీ ఒకటి. ఉదయం ఎనిమిదింటికి పొద్దు తూర్పు ఆగ్నేయాన 15 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, మనిషి నీడ అతని ఎత్తుకు మూడింతలు దాటి వాకిట్లో సాగుతుంది. టేకు చెట్ల మధ్య, పొగమంచులోంచి వచ్చే ఆ ఎండ ముఖానికి ఒక చెంపనే తాకుతుంది. రెండో చెంపలో వాకిలి అలుకుడు మట్టి ఎరుపూ, కప్పుకున్న దుప్పటి నీలమూ తేలతాయి. తెల్ల రుమాలు చుట్టుకున్న ముసలాయన తలపాగా మడతల్లో, చూసే ఓపిక ఉంటే, నీలం కనబడుతుంది. చలికి ముడుచుకుని ఎండకు వీపు పెట్టి కూర్చునే అరగంట అది. ఆ తరవాత లేచి పనికి పోతారు. ఉత్తర తెలంగాణ చిత్రకళ ఆ అరగంటను ఇంకా ముట్టుకోలేదు. నిర్మల్ నలుపు దాన్ని చీకట్లో ముంచేసింది, హైమన్‌డార్ఫ్ ఫిల్ములో దాని ఎరుపూ నీలమూ బూడిద రంగయ్యాయి, వైకుంఠం బొట్టు దాన్ని దాటి నడిపొద్దుకు పోయింది. వాకిట్లో దుప్పటి మడతలో ఆ నీలం మాత్రం ఏటా చలికాలం కాసేపు వచ్చి నిలబడుతూనే ఉంది.